ఆదివారం ట్రయల్

మా నాన్నగారి కారుకు మొట్టమొదటిసారి జబ్బు చేస్తే మొన్న నెల్లూరులో షోరూముకు తీసుకెళ్ళాను. టై కట్టుకున్న ఉద్యోగి ఒక కాగితం నా ముందుంచాడు. అందులో పదకొండో అంశం ఇలా ఉంది: "మరమ్మతు అనంతరం పరీక్ష నిమిత్తం నా వాహనాన్ని ఐదు కిలోమీటర్లకు మించకుండా నడిపేందుకు ఇందుమూలంగా సమ్మతిస్తున్నాను." పక్కన చిన్న గడి. అంతకుముందున్న పది గడుల్లోనూ చదవకుండానే టిక్కులు పెట్టిన నేను ఈ గడి దగ్గర ఆగిపోయాను.

"ఏదైనా సందేహమా మేడమ్?" అన్నాడతను, తన గడియారం చూసుకుంటూ.

సందేహం కాదు. ఐదు కిలోమీటర్లలో ఒక బండి గురించి ఏం తెలుస్తుందని తడ అనే ఊళ్ళో ఒక మనిషి నవ్వి ఉండేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ కబురు నాకు చేరడానికి నాలుగు నెలలు పట్టింది.

తడలో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ ఆయన మేస్త్రీ. నేనొక్కదాన్నే మేస్త్రీ గారూ అనేదాన్ని. దానికి ఆయన కొంచెం ఇబ్బంది పడేవారు, ఎవరో పెద్దమనిషి తన వెనక నిలబడి ఉన్నట్టు ఒకసారి తిరిగి చూసుకునేవారు. జాతీయ రహదారి పక్కన ఆయన షెడ్డు. గోడలు రేకులవి, కప్పు మాత్రం ఎన్నికల ఫ్లెక్సీలతో వేసింది. ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ ఆ కప్పు కొత్తదయ్యేది. గెలిచినవారూ ఓడినవారూ పక్కపక్కన, తలకిందులుగా, చేతులు జోడించి, కింద పనిచేసుకునేవాళ్ళకు నీడనిచ్చేవారు. వారు ప్రజలకు చేసిన సేవల్లో నేను కళ్ళారా చూసింది అదొక్కటే.

షెడ్డులోకి బండి రాగానే ఆయన బానెట్ తెరిచేవారు కాదు. దాని మీద అరచేయి ఆనించి కొంతసేపు నిలబడేవారు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ఉండేది. తరువాత పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. కళ్ళజోడు కాడ ఎప్పుడో విరిగితే బ్రేకు కేబుల్లోంచి తీసిన సన్నటి తీగతో కట్టుకున్నారు. వినేటప్పుడు ఆ తీగ కూడా సన్నగా అదిరేది. విన్నాక యజమాని వైపు తిరిగి ఒకే ప్రశ్న వేసేవారు: "నిజం చెప్పన్నా, దీన్ని ఏం చేసినావు?" యజమాని ఏం చెప్పినా సగమే నమ్మేవారు. బండ్లు అబద్ధం ఆడవనీ, యజమానులు మాత్రం డాక్టరు దగ్గర తాగుబోతుల్లా మాట్లాడతారనీ ఆయన అభిప్రాయం.

అయితే ఆయన్ను ఆ ప్రాంతంలో ప్రసిద్ధుణ్ణి చేసింది చెవి కాదు, ట్రయల్.

మరమ్మతు పూర్తయిన ఏ బండినీ ఆయన వెంటనే అప్పగించేవారు కాదు. "ట్రయల్ చూడాల" అనేవారు. ట్రయల్ అంటే రోడ్డు చివరిదాకా పోయి తిరిగిరావడం కాదు. ఏ జబ్బుకు ఏ దారి అన్నది ఆయన దగ్గర స్థిరపడిన శాస్త్రం. బ్రేకులు చేసిన బండి సూళ్ళూరుపేట సంతలోకి వెళ్ళాలి. నాలుగు వైపుల నుంచీ మనుషులు అడ్డం వస్తేనే బ్రేకు సంగతి తేలుతుంది. వెళ్ళిన బండి ఖాళీగా రావడం దేనికి, వారానికి సరిపడా కూరగాయలతో వచ్చేది. ఏసీ చేసిన బండిలో జనం కిక్కిరిసి ఉండాలి. కాబట్టి ఏసీ ట్రయళ్ళు పెళ్ళిళ్ళ కాలంలో ఎక్కువగా జరిగేవి. క్లచ్ చేసిన బండి రైల్వే గేటు దగ్గర ఆగి ఆగి కదలాలి. ఆయన మనవరాలి బడి ఆ గేటుకు అవతలే ఉండటం క్లచ్ చేసుకున్న అదృష్టం.

స్ప్రింగులు, బుష్షులు వంటి కింది భాగాలు బాగుచేసిన బండి మాత్రం వాకాడు దాకా వెళ్ళాలి. వాకాడు దాటి సముద్రం వైపున్న ఒక పల్లెలో ఆయన అక్క ఉండేది. మోకాళ్ళు పట్టేసిన మనిషి. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటో కుదుపుకు ఓర్వలేదు. ఆదివారం ఆదివారం ఆమెను కోట అనే ఊళ్ళోని చర్చికి తీసుకెళ్ళి, ఆరాధన ముగిశాక తిరిగి ఇంటి దగ్గర దింపి రావడమే ఆ ట్రయల్. ఆమెతోపాటు పల్లెలోని ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు, దారిలో కనిపిస్తే పాస్టరుగారు, బరువు కోసం ఎక్కేవారు. బరువు లేని ట్రయల్ ట్రయలే కాదని ఆయన సిద్ధాంతం. వారం తప్పకుండా ఏదో ఒక బండి కింది భాగం చెడిపోయేది. ఆ ప్రాంతపు రోడ్లు ఆయనకు ఆ విషయంలో ఏనాడూ ద్రోహం చేయలేదు.

ఇందులో రహస్యం ఏమీ లేదు. షెడ్డు పక్క టీ అంగడిలో శనివారం సాయంత్రం జనం తీరిగ్గా అడిగేవారు: "ఏం మేస్త్రీ, రేపు ప్రార్థనకి ఏ బండి?" ఒకసారి నేను అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ధాన్యం మిల్లు యజమాని ఒకరు నా పక్కన టీ తాగుతున్నారు. ఆయన సొంత తెల్ల కారు, వెనక అద్దానికి పూలదండతో, లోపల ఎనిమిది మంది పెళ్ళివారితో, మా ముందుకు వచ్చి నెమ్మదించింది. నడుపుతున్నది మేస్త్రీ గారు. మిల్లు యజమాని గ్లాసు పైకెత్తారు.

"ఏం మేస్త్రీ, చల్లగా వస్తా ఉండాదా?"

"వెనక సీటుకి ఇంకా అందలేదన్నా. నాయుడుపేట దాకా చూస్తే తెలస్తాది."

"చూడు చూడు. తొందరేం లేదు."

కారు వెళ్ళిపోయింది. మిల్లు యజమాని మిగిలిన టీ తాగి, ఆటో పిలిచి, ఎక్కి మిల్లుకు వెళ్ళారు.

నేనప్పుడు పారిశ్రామిక వాడలోని ఒక కర్మాగారంలో కొత్తగా చేరాను. జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయనకు సహాయకురాలిని. ఆయన ఇంగ్లీషు తక్కువ, నా ఇంగ్లీషు మరీ ఎక్కువ. ఎలాగో పని జరిగేది. కళాశాలలో మూడేళ్ళు చర్చా పోటీల్లో గెలిచి, ఆ కప్పులు మా ఇంట్లో అలమార పైన పట్టక మంచం కింద పెట్టించిన చరిత్ర నాది. నిర్వచనం ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్ళదని మాకు నేర్పించారు. ఎదుటివాడి బలమైన అంశాన్ని ప్రస్తావించకుండా దాటవేయడం కూడా నేర్పించారు, కాకపోతే దాన్ని వ్యూహం అనేవారు.

ఇంజనీరు గారు కంపెనీ ఇచ్చిన డ్రైవరు హారన్‌ను భరించలేక ఒక పాత కారు కొనుక్కున్నారు. ఆదివారాలు ఒక్కరే దానిలో పులికాట్ ఒడ్డుకు వెళ్ళి ఫ్లెమింగోలను చూసి వచ్చేవారు. తాళం తిప్పి ఇంజను ఆపిన ప్రతిసారీ జేబులోని చిన్న పుస్తకం తీసి, మీటరులోని అంకె పెన్సిలుతో రాసుకునేవారు. ఎందుకని అడిగితే, రాయకపోతే ఎలా తెలుస్తుందని నన్నే అడిగారు. పరాయి దేశంలో ఆయనకు పూర్తిగా అర్థమయ్యే విషయాలు రెండే, ఆ పక్షులూ ఆ అంకెలూ.

అలాంటి కారుకు ఎడమ పక్క ముందు నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైంది. చెన్నైలోని షోరూములో మొత్తం భాగాన్నే మార్చాలనీ, అది రావడానికి నెలలు పట్టవచ్చనీ చెప్పారు. మా కంపెనీ వ్యాన్లు బాగుచేసేది తడ మేస్త్రీయేనని డ్రైవర్లు చెప్పగా, ఒక గురువారం ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. ఆ వ్యాన్ల పనే ఆ షెడ్డుకు ప్రాణం. మిగిలిన బండ్లు వచ్చినా రాకున్నా నెల గడిచేది వాటి మీదే.

ఆయన యథాప్రకారం అరచేయి ఆనించి, విని, ఇంజనీరు గారి వైపు తిరిగారు. "నిజం చెప్పమను పాపా, దీన్ని ఏం చేసినాడు?"

నేను అనువదించాను. ఇంజనీరు గారు పుస్తకం తెరిచి, శబ్దం మొదలైన రోజు, అప్పటి మీటరు అంకె, అప్పటి వేగం, ఆ రోజు వాన పడిందా లేదా అన్నది కూడా చదివి వినిపించారు. మేస్త్రీ గారు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు.

"ఇన్నేళ్ళలో నిజం చెప్పిన ఓనరు ఈయనొక్కడే. బండిలో ఎంతమంది ఎక్కతారో అడుగు."

"ఎప్పుడూ నేనొక్కణ్ణే," అన్నారు ఇంజనీరు గారు.

"అదీ సంగతి. ఎడమ పక్క ఎవురూ కూర్చోలా. ఆ పక్క పనిలేక మూలగతా ఉండాది." అని, దానికింద ఒక రబ్బరు బుష్షు అరిగిపోయిందని కూడా చెప్పారు. సోమవారం రమ్మన్నారు.

సోమవారం వెళ్ళేసరికి కారు కడిగి, తుడిచి, మిలమిలలాడుతోంది. ఇంజనీరు గారు దాన్ని సర్వీసు రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిపారు. శబ్దం లేదు. ఆయన ముఖంలో అంత తృప్తిని నేను పక్షుల దగ్గర కూడా చూడలేదు. ఇంజను ఆపి, పుస్తకం తీసి, మీటరు అంకె రాసి, గురువారం నాటి అంకెను దానిలోంచి తీసివేశారు. నూట అరవై ఎనిమిది. దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం వేశారు. వెనక సీటు సందులో మల్లెపూల దండ తునక ఒకటి, పాటల పుస్తకం ఒకటి, చక్రాల దగ్గర సముద్రపు ఇసుక కనిపించాయి. వాటిని కూడా రాసుకున్నారు.

ఆయన చేసింది అంతే. ఆ ప్రశ్నార్థకాన్ని అందుకున్నది నేను. ఆ రాత్రికల్లా కంపెనీ రవాణా విభాగానికి మూడు పేరాల ఫిర్యాదు సిద్ధం చేశాను. రాతపూర్వకమైన ఫిర్యాదు ఒక్కటి వచ్చినా ఆ షెడ్డుకు వ్యాన్లు పంపకూడదని మా కంపెనీ నియమం. అది నాకు తెలుసు. మర్నాడు ఇంజనీరు గారికి విషయం వివరించాను.

"ఇది తప్పా?" అని అడిగారాయన.

"మీ దేశంలో తప్పు కాదా?"

"మా దేశంలో జరగదు. అందువల్ల తప్పో కాదో ఆలోచించవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు." కొంచెం ఆగి, "ఆయన్నే అడుగుదాం," అన్నారు.

ఇద్దరం మళ్ళీ షెడ్డుకు వెళ్ళాం. లేఖ నా సంచిలో ఉంది. కంపెనీ వ్యాన్లు రెండు లోపల జాకీల మీద ఉన్నాయి.

"మేస్త్రీ గారూ, మేం కారు ఇచ్చిన రోజుకూ తీసుకున్న రోజుకూ మధ్య మీటరులో నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు తేడా ఉంది."

ఆయన నొచ్చుకున్నారు. "అంతేనా? నూట డెబ్బై దాటతాదనుకున్నానే. సరే, పాస్టరుగారి ఇంటిదాకా పోలేదు గదా, అందుకు తగ్గుంటాది."

"ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"వాకాడు మీద కోటకి. శబ్దం గుంతల్లోనే గదా వచ్చేది. జిల్లా మార్చినారు గానీ ఆ గుంతలు మాత్రం మార్చలా, దేవుడి దయ."

"కారులో ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురం. పాస్టరుగారితో ఏడుగురు."

"అది ఐదుగురి కారు."

"పాస్టరుగారు సన్నం పాపా."

"మీ అక్కగారిని చర్చికి తీసుకెళ్తానని ఈయన్ను అడిగారా?"

"మా అక్కని నేను తీసకపోలా. ట్రయల్ పోతా ఉండాది, ఆమె కూర్చునింది. ఆ వెనక సీటులో కూర్చోని ఈ సారు కోసం ప్రార్థన గూడా చేసినారు ముగ్గురూ. పేరు తెలీక జపాన్ దొరగారూ అని చేసినారు. అది పుస్తకంలో రాసుకున్నాడా ఆయన?"

నేను నిర్వచనం నా చేతిలోకి తీసుకున్నాను. "యజమానిని అడగకుండా ఆయన వస్తువును సొంత పనికి వాడుకోవడాన్ని ఏమంటారో మీకు తెలుసా?"

"చెప్పు."

"దొంగతనం అంటారు."

ఆయన చేతుల మసి పాతగుడ్డతో తుడుచుకున్నారు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నారు.

"దొంగోడు ఎత్తకపోయిన బండికి బుష్షు మార్చి, కడిగి తెచ్చిస్తాడా లాయరమ్మా?"

ఇంజనీరు గారు ఆయన ఏమంటున్నారని నన్ను అడిగారు. తాను దొంగను కానంటున్నారని చెప్పాను. "ఆయన్ను దొంగ అన్నదెవరు?" అన్నారు ఇంజనీరు గారు. నేనేనని చెప్పాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు.

నేను లేఖ తీసి, ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదివాను. ఇది పంపితే కంపెనీ వ్యాన్లు ఇక రావని కూడా చెప్పాను. దాచి కొట్టడం నా పద్ధతి కాదు. మేస్త్రీ గారు చివరిదాకా విన్నారు. ఇంజను విన్నట్టే, కళ్ళు మూసుకుని.

"శబ్దం పోయిందని యాడ రాసినావు?"

"రాయలేదు."

"ఎందుకని?"

"అది ఈ విషయానికి సంబంధించింది కాదు."

"బండి నా దగ్గరికి తెచ్చిందే శబ్దానికి. నువ్వు దాని సంగతే సంబంధం లేదంటే ఎట్టా పాపా?"

మూడేళ్ళ పోటీల్లో నాకు అంత పొట్టి ఖండన ఎదురు కాలేదు. జవాబు లేనప్పుడు చర్చను షరతు వైపు మళ్ళించాలని మాకు నేర్పించారు, మళ్ళించాను. ఇకమీదట ఏ బండినైనా ట్రయల్‌కు తీసుకెళ్ళే ముందు ఎక్కడికో, ఎవరితోనో చెప్పి, యజమానిని అడిగి, ఒప్పుకుంటేనే తీసుకెళ్తానని మాటిస్తే ఈ లేఖ పంపనన్నాను.

ఆయన జాకీల మీదున్న వ్యాన్ల వైపు ఒకసారి చూశారు.

"అడగాల. అంతేనా?"

"అంతే."

"అడగతాలే. అడిగేదానికి ఏముండాది," అన్నారు. అది చాలా చిన్న విషయమని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు తెలుగులో ఒక ప్రకటన అచ్చు వేయించి తీసుకెళ్ళాను: "యజమాని సమ్మతి లేనిదే ఏ వాహనమూ పరీక్షకు తీసుకొనిపోబడదు." ఆయన దాన్ని కప్పు నుంచి వేలాడే ఫ్లెక్సీలో ఒక మాజీ ప్రజాప్రతినిధి గడ్డం కింద అంటించారు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా నిలబెట్టుకున్నారు. దాని ఫలితాన్ని నేను ముందుగా ఊహించలేదు. అడగనంతకాలం ఎవరికీ అభ్యంతరం లేని పనికి, అడిగేసరికి అందరికీ అభ్యంతరం పుట్టుకొచ్చింది. నాయుడుపేట డాక్టరుగారు ఇన్సూరెన్సు పత్రాలు చదవాలన్నారు. ఒక బడి పంతులు తన భార్యను అడగాలన్నారు. ఆమె తన అన్నను అడగాలంది. కారును పెళ్ళివారితో పంపి ఆటోలో వెళ్ళిన మిల్లు యజమాని గడ్డం గోక్కున్నారు.

"ఎవరెవరు ఎక్కతారు? తోవలో పోలీసులు ఆపితే? వద్దులే మేస్త్రీ. అడగకుండా పోయుంటే నాకు తెలీనట్టే గదా. ఇప్పుడు తెలిసినాక ఎట్టా ఊరుకునేది?"

చివరికి ఇంజనీరు గారి వంతు వచ్చింది. నెల తరువాత కుడి పక్క బుష్షు కూడా అరిగిందని కారు షెడ్డుకు చేరింది. మేస్త్రీ గారు చేతులు రెండుసార్లు తుడుచుకుని, నిటారుగా నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అడిగారు: "ఆదివారం వాకాడు మీద కోటకి ట్రయల్ తీసకపోతాను. మా అక్కా, ఇంకో ముగ్గురూ ఎక్కతారు. సమ్మతమేనా సార్?" నేను అనువదించాను. ఇంజనీరు గారు పుస్తకం తెరిచారు, మూశారు. కారుకు ఏదైనా జరిగితే కంపెనీకీ, తన దేశపు కార్యాలయానికీ తాను జవాబు చెప్పాలనీ, క్షమించమనీ అన్నారు. నడుము వంచి మరీ అన్నారు. మేస్త్రీ గారు కూడా వంగారు, ఏం చేయాలో తోచక.

తిరిగి వస్తుంటే ఇంజనీరు గారు నా వైపు చూడకుండా అన్నారు: "మీరు ఆయన చేత ఎందుకు అడిగించారు? అడగకపోతే నేను ఒక అంకె రాసుకుని ఊరుకునేవాణ్ణి. అడిగారు కాబట్టి కాదనవలసి వచ్చింది."

నా సూత్రం పూర్తిగా అమలైంది. చర్చా పోటీ అయితే అక్కడ చప్పట్లు కొట్టి కప్పు ఇచ్చేవారు.

తరువాత ఒక ఆదివారం ఉదయం నేను వాకాడులో మా పెద్దమ్మను చూసి, కోట దగ్గరున్న మా పల్లెకు బయలుదేరాను. బస్సు ఆగింది. నా ముందున్న ముసలావిడ కమ్మీ పట్టుకుని, మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు లేవక అక్కడే నిలిచిపోయింది. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. నేను వెనక నుంచి పట్టుకుని ఎక్కించాను. నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. చేతి సంచిలో బైబిలు ఉంది.

"యాడికి పోతున్నారు అవ్వా?"

"కోటకి, ప్రార్థనకి. రెండు నెలల తరవాత ఇయ్యాల పోతా ఉండా. ముందు మా తమ్ముడు కారేసకొచ్చేవాడు. తడలో మేస్త్రీ వాడు. ఒక్కో వారం ఒక్కో కారమ్మా, జమీందారుల బిడ్డలు గూడా అట్టా తిరిగుండరు."

"ఇప్పుడు రావడం లేదా?"

"ఇప్పుడు అందర్నీ అడగతా ఉండాడంట. అడిగితే ఎవురిస్తారు? నన్నడిగినా నేనియ్యను." మోకాలు రుద్దుకుంది. "కంపెనీలో ఎవురో చదువుకున్న పిల్లంట, అడగాలని చెప్పింది. మంచి పిల్లేనంట, వాడే అన్నాడు. చెడ్డది అయ్యుంటే తిట్టుకునైనా ఉండేదాన్ని."

కోట వచ్చేదాకా నేను కిటికీలోంచి వరిమళ్ళను చూశాను. నేనెవరో చెప్పడానికి పదిహేను కిలోమీటర్ల సమయం ఉంది. చెప్పలేదు.

ఆ తరువాతి శనివారం, మా నాన్నగారు నెల క్రితం కొన్న కారును తడకు తోలుకెళ్ళాను. ఎడమ పక్క ముందు నుంచి శబ్దం వస్తోందనీ, గుంతల్లో మాత్రమే వస్తోందనీ, లోపల నలుగురు ఉంటేనే వస్తోందనీ మేస్త్రీ గారికి చెప్పాను. మూడు అంశాలు, క్రమంగా. ఆయన అరచేయి ఆనించారు. స్క్రూడ్రైవరుతో విన్నారు. కిందికి దూరి అరగంట ఉన్నారు. బయటికి వచ్చి కళ్ళజోడు తీగ సవరించుకున్నారు.

"దీనికి ఏ రోగమూ లేదు పాపా."

"సరిగ్గా చూడండి."

"చూసినా. పుట్టి నెల గూడా అయినట్టు లేదు, దీనికి రోగమేంది?"

"ట్రయల్ చూస్తే తెలుస్తుందేమో. నాకు సోమవారం దాకా తొందర లేదు."

ఆయన కొత్త నంబరు ప్లేటు వైపు చూశారు.

"బండి ఎవురిది?"

"మా నాన్నగారిది."

"ఆయన్నడిగినావా?"

నేను బానెట్ మీద లేని దుమ్ము తుడిచాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మా అక్క చెప్పిందిలే, ఎవురో పిల్ల బస్సెక్కించిందని. నీ మనసు నాకు తెలుసు. కానీ ఒకటి చెబతా విను. ఇన్నేళ్ళలో చెడిపోని బండిని ఒక్కదాన్ని గూడా నేను ఈ షెడ్డు దాటించలా. పని చేసినాకనే తీసినా. బాగుండే బండిని ఎత్తకపోతే దాన్ని ట్రయలంటారా? ఆ పొద్దు నువ్వే ఒక మాట అన్నావే, దాన్ని ఆ మాటంటారు."

బానెట్‌ను రెండు చేతులతో మెల్లగా దించి, నొక్కి మూశారు. చెడిపోయినాక తీసుకురమ్మన్నారు.

చెడగొట్టడానికి నేను నిజాయితీగా ప్రయత్నించాను. మర్నాడు ఉదయం నాన్నగారిని అడిగాను. ఎందుకని అడిగారు. ట్రయల్ అన్నాను. కొత్త కారుకు ట్రయలేమిటని ఆయన ఇంకో ప్రశ్న వేసేలోపు తాళం తీసుకుని బయటపడ్డాను. వాకాడు దాటి ఆ పల్లెకు వెళ్ళి, మేస్త్రీ గారి అక్కనూ మరో ముగ్గురు ముసలమ్మలనూ ఎక్కించుకుని కోటకు బయలుదేరాను. బండి నిండా బరువు ఉంది. దారి పొడవునా ఎదురైన ప్రతి గుంతలోకీ కారును గురి చూసి దించాను. శబ్దం కోసం చెవి ఎడమ పక్కకు పెట్టాను. కుదుపు కుదుపుకూ వెనక సీటు మొత్తం ప్రభువును తలుచుకుంటోంది.

ఐదో గుంతకు ఆయన అక్క ముందు సీటును పట్టుకుని వంగింది.

"ఏమ్మా, రోడ్డు ఇంత వెడల్పుంటే గుంతలే దొరికినాయా నీకు? ఇన్నేళ్ళు తోలినాడు మా తమ్ముడు, నన్నెక్కించుకున్నాక ఒక్కదాన్లో గూడా పడనియ్యలా."

తరువాత వచ్చిన గుంతను నేను తప్పించాను.